సాసర్లు లేని ఇల్లు

మోషే గారింట్లో అడిగిన టీ అడిగినవాళ్ళకి ఏనాడూ దొరకలేదు. వేడిగా ఒక కప్పు అంటే ఐసు ముక్కలు గలగలలాడే గాజు గ్లాసు వచ్చేది. ఎండన పడి వచ్చాం, చల్లగా ఏదైనా అంటే పొగలు కక్కే పింగాణీ కప్పు వచ్చేది. తలుపు తీసి, వచ్చినవాళ్ళ మొహంలోకి ఒక్కసారి చూసి, ఏ టీయో ఆయనే తేల్చేసేవారు. దానిమీద అప్పీలు లేదు. ఇక కప్పు కింద సాసరు అడిగామా, "ఈ ఇంట్లో సాసర్లుండవు" అని ఒకటే జవాబు. నల్లగండ్లలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఈ ముక్క తెలియనివాళ్ళు లేరు.

ఎదురు ఫ్లాట్లో అద్దెకుండిన రాబిన్‌కీ తెలుసు. తెలిసి ఏం లాభం? ఆ కప్పు ముందు కూర్చున్నన్నాళ్ళూ ఎప్పుడు లేచిపోదామా అనే చూశాడు. ఇప్పుడు మణికొండలో తన టీ తనే కాచుకుంటూ, అయ్యో, ఇంకాసేపు కూర్చోవలసింది అనుకుంటున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. కాకపోతే అతని విషయంలో కాలింది నాలుక, పట్టుకున్నవి టీ ఆకులు.

మోషే గారు రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. సామర్లకోట మనిషి. సర్వీసులో సగం గూడ్సు బండి చివరి బోగీలో, ఏ ఊరూ కాని చోట సిగ్నలు కోసం పడిగాపులు పడుతూ గడిపారు. అక్కడ ఆయనకి తోడు ఒక చిన్న కిరసనాయిలు స్టవ్వు, ఒక టీ పొడి డబ్బా. టీ కాచడం అక్కడే నేర్చుకున్నారు. అది ఇంకెవ్వరికీ చేతకాదన్న నమ్మకం కూడా అక్కడే కుదిరింది.

"ఆకును పొయ్యి మీద ఉడకబెడతారటోయ్? అదేమన్నా గోంగూరా?" అనేవారు, ఎవరైనా వంటింట్లోకి తొంగిచూస్తే. నీళ్ళు తెర్లాలి. పొయ్యి కట్టేశాకే ఆకు పడాలి. పైన పళ్ళెం మూయాలి. ఆ పళ్ళెం మధ్యలో ఎత్తి చూసినవాళ్ళ మీద ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది. పాలు వేరే గిన్నెలో కాగాలి. వడకట్టేటప్పుడు చెంచాతో ఆకును నొక్కకూడదు. "పిండకు! ఆకును ఏడిపిస్తే టీ చేదెక్కుద్ది!" కప్పును ముందే మరిగే నీళ్ళతో తొలిచి ఉంచేవారు, పోసిన టీ ఒక పట్టాన చల్లారకుండా.

చల్లటి టీది ఇంకో శాస్త్రం. డికాషన్ రెట్టింపు చిక్కగా దిగాలి. పంచదార వేడిమీదే కరగాలి. గట్టు మీద దానంతటది చల్లారాలి. తొందరపడి ఫ్రిజ్‌లోకి తోస్తే మబ్బు పట్టినట్టవుతుంది. ఐసు ముక్కలు కూడా నీళ్ళవి కావు, టీవే. అవి కరిగినా రుచి పలచబడదు. చివర్లో నిమ్మచెక్క. ఇంత తపస్సూ చేసి, తీరా ఆ గ్లాసు అడగనివాడి చేతిలో పెట్టేవారు.

ఒకసారి జోరువానలో వాచ్‌మన్ సాయిలు తడిసి ముద్దయి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, జర గరం గరం చాయ్ పొయ్యిండ్రి. సలికి సస్తున్న."

మోషే గారు అతని మొహంలోకి చూశారు. ఐసు గ్లాసు తెచ్చి ఇచ్చారు.

"గిదేంది సార్! వానల వణుకుతుంటే బర్ఫు చాయ్ ఇస్తరా?"

"తాగు. ఒక్క గుక్కలో తాగి బయల్దేరు."

"బయల్దేరితే గేటు కాడ ఎవలుంటరు?"

"నేనుంటాను పో."

సాయిలు పళ్ళు టకటకలాడించుకుంటూ తాగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమంతా మోషే గారు రైన్‌కోటు తొడుక్కుని గేటు దగ్గర కూర్చున్నారు. పాత విజిలు ఊదుతూ, ఆఫీసుల నుంచి వచ్చే కార్లన్నిటికీ పచ్చజెండా ఊపినట్టు తువ్వాలు ఊపారు. పెద్దాయనకి తిక్క ముదిరిందని అందరూ అనుకున్నారు. రాబిన్ అయితే కారు అద్దం దించి మరీ నవ్వాడు.

ఇంకోసారి అసోసియేషన్ ప్రెసిడెంటు రామ్మోహనరావు గారు కత్తులు నూరుకుంటూ వచ్చారు. మోషే గారి బాల్కనీలో నడుమెత్తు పెరిగిన కరివేపాకు మొక్క ఉంది. దానికి పోసిన నీళ్ళు కింద ప్రెసిడెంటు గారి కారు మీద కారుతున్నాయి.

"ఇది ఇల్లనుకున్నారా, నర్సరీ అనుకున్నారా మోషే గారూ?"

"కూర్చోండి. వేడిది తెస్తాను."

"నాకు టీ వద్దండీ! సమాధానం కావాలి!"

కప్పు వచ్చేసింది. రెండు చేతుల్తో కప్పు పట్టుకున్నవాడు వేలు చూపించి పోట్లాడలేడు. సాసర్లో పోసుకుని జుర్రుకుని లేచిపోదామంటే ఆ దారీ లేదు. ఊదుకుంటూ కూర్చున్నారు. టీ తాగే వేడికి వచ్చేసరికి రామ్మోహనరావు గారు మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలుపెట్టి, తనతో మాటలు మానేసిన తమ్ముడి దాకా వచ్చారు. పోతూ పోతూ ఆ మొక్కనుంచే నాలుగు రెమ్మలు తుంచుకుని వెళ్ళారు.

ఇలాంటివి చూసి నవ్వుకునే రోజుల్లోనే, క్రిస్మస్ ముందు, రాబిన్ ఉద్యోగం పోయింది. వీడియో కాల్‌లో ముక్కూమొహం తెలియని అమ్మాయి ఎవరో ఎంతో మర్యాదగా చెప్పింది. లాప్‌టాప్, మెడలో ట్యాగు వాళ్ళు తీసేసుకున్నారు. ఖాళీ బ్యాగు అతనికి మిగిలింది. భార్య మెర్సీ స్కూల్లో టీచరు. పండగ అయ్యాక ఆమెకి చెబుదామనుకున్నాడు. పండగ అయ్యాక కొత్త సంవత్సరం వచ్చింది. ఆ తర్వాత ఆమె పుట్టినరోజు వచ్చింది. చెప్పాల్సిన మాట అలా గొంతులోనే నానుతూ ఉండిపోయింది. రోజూ టైముకి తయారై, బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరేవాడు. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో బెంచీ మీద కూర్చుని ఫోన్లో ఉద్యోగాలకి అప్లై చేసేవాడు.

ఖాళీ బ్యాగుతో ఒక చిక్కుంది. అది గాలికి ఊగుతుంది. అందుకని వంటిల్లంతా వెతికి, పగటిపూట ఎవరికీ అవసరంలేని వస్తువు అనుకుని చపాతీ పీట అందులో పెట్టుకున్నాడు. సాయంత్రం మెర్సీ చూడకుండా మళ్ళీ అరలో పెట్టేసేవాడు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాళ్ళ గురించి విన్నాం. లేని ఆఫీసుకి చపాతీ పీట మోసుకెళ్ళినవాడు మాత్రం ఇతనొక్కడే అయి ఉండాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మోషే గారు లిఫ్ట్ దగ్గర కాపు కాయడం మొదలుపెట్టారు.

"ఏమోయ్ రాబినూ, ఆగు. టీ తాగి వెళ్దువుగాని."

"లేటవుతోందంకుల్. పోనీ చల్లటిదివ్వండి, గబుక్కున తాగేసి పోతాను."

ఆయన మొహంలోకి చూసేవారు. "నీకు వేడిదే."

"సాసరైనా..."

"ఈ ఇంట్లో సాసర్లుండవు."

బ్యాగు సోఫా మీద పెట్టినప్పుడల్లా టక్కుమనేది. రాబిన్ గుండె కూడా టక్కుమనేది. మోషే గారు ఏమీ విననట్టు కప్పు అందించి, ఎదురుగా కూర్చుని, "ఆఫీసులో ఏంటి విశేషాలు?" అనేవారు. లేని ఆఫీసులో విశేషాలు ఎక్కడినుంచి తెస్తాడు? అందుకని రాబిన్ హేమంత్ అనే మేనేజర్ని పుట్టించాడు.

"నిన్న హేమంత్ ఏం చేశాడు?"

"మీటింగ్‌లో నిద్రపోయాడంకుల్. కెమెరా ఆన్‌లోనే ఉంది."

"అయ్యయ్యో! పైవాళ్ళు చూశారా?"

"చూశారు. ధ్యానం చేస్తున్నానని చెప్పాడు."

మోషే గారు పడీపడీ నవ్వేవారు. "మంచోడేనోయ్ హేమంత్. పెళ్ళయిందా?"

రాబిన్ అప్పటికప్పుడు హేమంత్‌కి పెళ్ళి చేశాడు. వారం తిరక్కుండా అత్తగారిని తెచ్చి అతని ఇంట్లో కూర్చోబెట్టాడు. తన ఇంటర్వ్యూ ఏదైనా పోయిన మర్నాడు హేమంత్‌కి జ్వరం వచ్చేది. "పాపం, కోలుకుంటాడులే. ఇంత తెలివైనవాడికి ఏం భయం? తొందరపడొద్దని చెప్పు" అనేవారు మోషే గారు. ఆ మాట ఎవరికి చెబుతున్నారో రాబిన్ ఒక్కరోజూ ఆలోచించలేదు. కప్పులో టీ ఎప్పుడు చల్లారుతుందా అని చూస్తూ, చాలాసార్లు సగంలోనే వదిలేసి లేచిపోయేవాడు. అంత మంచి టీ సింకులో పోయిందే అని ఇప్పుడు అతనికి బాధ.

మార్చిలో ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ సంగతి మెర్సీ ముందురోజే చెప్పింది. రాబిన్ "ఊఁ" అన్నాడు గానీ వినలేదు. ఎండకి గార్డెన్‌లో ఉండలేక, మెర్సీ వచ్చేలోపు కాసేపు నడుం వాలుద్దామని మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ఎదురుగా మోషే గారు.

"రా, వేడిది పెడుతున్నా."

"ఈ ఎండలోనా అంకుల్! మీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారి ఐసుది..."

"కూర్చో."

కప్పు చేతికి అందిందో లేదో బెల్లు మోగింది. మోషే గారి భార్య ఎస్తేరు గారు వెళ్ళి తలుపు తీశారు.

"ఆంటీ, మీ చపాతీ పీట ఒకసారి ఇస్తారా? మాది ఎంత వెతికినా కనబడట్లేదు..." అంటూ లోపలికి వచ్చిన మెర్సీ ఆగిపోయింది. "నువ్వేంటి ఇక్కడ? ఆఫీసుకి పోలేదా?"

రాబిన్ అప్పుడే ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. అది మింగలేడు, ఉమ్మలేడు. తేలు కుట్టిన దొంగలా అలాగే ఉండిపోయాడు.

మోషే గారు మెర్సీ మొహంలోకి కూడా చూశారు. "కూర్చోమ్మా. నీకూ వేడిదే."

"టీ వద్దంకుల్. పీట ఇస్తే చాలు."

"టీ తాగితేనే పీట."

రెండో కప్పు వచ్చింది. ఎస్తేరు గారు చెప్పులు వేసుకుంటూ, "ఏవండీ, కరివేపాకు అయిపోయింది. కిందకెళ్ళి తెచ్చుకుందాం రండి" అన్నారు.

"కరివేపాకుకి ఇద్దరెందుకే?"

"రెండు రెమ్మలు కావాలి మరి."

వాళ్ళిద్దరూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

రెండు కప్పులు, ఇద్దరు మనుషులు. టీ తాగి లేచిపోదామంటే నోరు కాలేంత వేడి. వదిలేసి పోదామంటే పరాయివాళ్ళ ఇల్లు తెరిచి ఉంది. రాబిన్ చివరికి బ్యాగు జిప్పు తీసి, చపాతీ పీట బయటికి తీసి, టీపాయ్ మీద పెట్టాడు.

మెర్సీ పీట వంక చూసింది. బ్యాగులోకి చూసింది. ట్యాగు లేని అతని మెడ వంక చూసింది.

"ఎప్పటినుంచి?"

"క్రిస్మస్ ముందునుంచి."

ఆమె కప్పెత్తి ఒక గుక్క తాగింది. వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాలుక కాలింది" అంది, కళ్ళు తుడుచుకుంటూ. అవి నాలుక కాలిన నీళ్ళు కావని ఇద్దరికీ తెలుసు.

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ చెబుదామనే వచ్చేవాణ్ణి. నువ్వు నవ్వుతూ తలుపు తీసేదానివి."

"అయితే రేపటినుంచి ఏడుస్తూ తీస్తా." ముక్కు తుడుచుకుంది. "పీట ఎందుకు తీసుకెళ్ళావు మరి?"

"బ్యాగు ఊగుతోందని."

మెర్సీ అతన్ని తేరిపార చూసి, ఉండబట్టలేక పకపకా నవ్వేసింది. "రోలు తీసుకెళ్ళకపోయావా, ఇంకా బరువుండేది!"

ఆ కప్పు రాబిన్ అడుగుదాకా తాగాడు. ఇన్నాళ్ళూ టీలో అల్లం దంచి వేస్తున్నారని అతనికి ఆ రోజే తెలిసింది.

చాలాసేపటికి ముసలి దంపతులు తిరిగొచ్చారు. "కరివేపాకేది ఆంటీ?" అంది మెర్సీ.

"దొరకలేదమ్మా" అన్నారు ఎస్తేరు గారు, బాల్కనీకి అడ్డంగా నిలబడి. ఆవిడ భుజం వెనక కరివేపాకు మొక్క గాలికి ఊగుతోంది.

వేసవి సెలవులు రాకముందే రాబిన్‌కి కొత్త ఉద్యోగం వచ్చింది. మెర్సీకి ఫోన్లో చెప్పి, పరుగున ఎదురు తలుపు కొట్టాడు. మోషే గారు తలుపు తీసి, మొహంలోకి చూసి లోపలికెళ్ళారు. చేతిలో గాజు గ్లాసుతో వచ్చారు. తేనె రంగు టీ, గలగలమనే ఐసు, నిమ్మచెక్క.

"చల్లటిదా! నాకా!"

"తాగి బయల్దేరు. ఆ పిల్ల స్కూలు నుంచి వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉండాలి."

ఒక్క గుక్కలో అయిపోయింది. గ్లాసు తిరిగిచ్చి గుమ్మం దాటాక రాబిన్‌కి ఏదో వెలితిగా అనిపించింది. అన్ని నెలలు దేనికోసం దేబిరించాడో అది దొరికింది. కూర్చోమన్న మాట మాత్రం ఇక దొరకలేదు.

కొత్త ఆఫీసుకి దగ్గరని మణికొండకి మారిపోయారు. సామాను సర్దే రోజున ఎస్తేరు గారు, "మా అటక మీద అట్టపెట్టెలున్నాయి, తీసుకో బాబూ" అన్నారు. రాబిన్ స్టూలెక్కాడు. ఒక పెట్టె బరువుగా తగిలింది. మూత తీస్తే, పాత పేపర్లలో చుట్టిన పింగాణీ సాసర్లు. ఒక్కటి కూడా అంచు విరగలేదు.

"ఆంటీ, సాసర్లు!"

"ఉష్, ఆయన వింటారు. మా పెళ్ళినాటి సెట్టు. సాసరిస్తే ఊది జుర్రుకుని లేచిపోతారు కదా బాబూ. ఉండాల్సినవాళ్ళకి సాసరివ్వరు. వెళ్ళాల్సినవాళ్ళకి ఐసు ఇస్తారు. గూడ్సు బండి గార్డు బుద్ధి, ఎక్కడికి పోతుంది? ఎవరు ఆగాలో ఎవరు కదలాలో ఆయనే సిగ్నలివ్వాలి."

రాబిన్ పెట్టె మూత మెల్లగా మూశాడు. "అయితే నా సంగతి..."

"మొదటి రోజే తెలుసు. నువ్వు బ్యాగు పెడితే టక్కుమంది. ఏ కంప్యూటరూ చెక్కలా మోగదు కదా." ఆవిడ నవ్వారు. "హేమంత్ అనేవాడు లేడనీ తెలుసు. అయినా వాడి కబురు వింటేగానీ మా ఆయనకి టిఫిను దిగేది కాదు."

కింద పెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తూ సాయిలు మిగతాది చెప్పాడు. "గా వానదినం నా బిడ్డ దవాఖానల ఉండె సార్, పురిటికి. నేను ఒక్కమాట చెప్పలె. మొకం జూసి కనిపెట్టిండు. గరం చాయ్ ఇచ్చి కూసోవెడితే ఎట్ల పోదును? బర్ఫు చాయ్ తాగి ఉరికిన. మనుమరాలు పుట్టంగనే జూసిన."

కారు అద్దం దించి నవ్విన సాయంత్రం రాబిన్‌కి గుర్తొచ్చింది. పెట్టెలో సర్దడానికి ఏమీ లేకపోయినా కాసేపు తలవంచుకుని సర్దాడు.

ఆ తర్వాత నల్లగండ్ల వెళ్ళినప్పుడల్లా అతనికి ఐసు టీయే. వేడిది కావాలని బతిమాలాడు. ఒకసారి నుదురు రుద్దుకుని, నిట్టూర్చి, దిగులుగా కూడా కూర్చున్నాడు. మోషే గారు ఒక్క చూపు చూశారు. "నవ్వు ఆపుకుంటున్నావు. చల్లటిదే." ఎదురు కుర్చీలో ఎవరో కొత్తగా దిగిన కుర్రది పొగలు కక్కే కప్పు పట్టుకుని, సాసరు కోసం అటూ ఇటూ చూస్తోంది. రాబిన్‌కి ఆ పిల్ల మీద అసూయ పుట్టింది. అన్ని కప్పులు తాగాడు, అన్ని పొద్దుటిపూటలు ఆ మనిషి ఎదుట కూర్చున్నాడు. లేని హేమంత్‌కి అత్తగారితో సహా సంసారం పెట్టాడు. ఉన్న మోషే గారిని మాత్రం, మీ సంగతేంటి అంకుల్ అని ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఐసు కరిగేలోపే పంపించేస్తున్నారు.

మొన్న ఒక ఆదివారం, చర్చి అయ్యాక, దంపతులిద్దరూ మణికొండ వచ్చారు. మోషే గారు గుమ్మంలోనే, "ఎక్కువసేపు ఉండంలే, ఎండ ముదరకుండా వెళ్ళిపోవాలి" అన్నారు.

"టీ తాగి వెళ్దురుగాని" అని రాబిన్ వంటింట్లోకి వెళ్ళాడు. నీళ్ళు తెర్లాక పొయ్యి కట్టేసి ఆకు వేశాడు. పళ్ళెం మూశాడు, ఎత్తి చూడలేదు. ఆకును పిండలేదు. కప్పును మరిగే నీళ్ళతో తొలిచి, పోసి, తెచ్చి చేతికిచ్చాడు.

మోషే గారు కప్పు కిందకి చూశారు. "సాసరోయ్?"

"ఈ ఇంట్లో సాసర్లుండవంకుల్."

ఆయన ఒక్క క్షణం రాబిన్ మొహంలోకి చూశారు. తర్వాత నెమ్మదిగా వెనక్కి వాలి కూర్చున్నారు. మెర్సీ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "ఆంటీ, కరివేపాకు అయిపోయింది. తెచ్చుకుందాం రండి."

"కరివేపాకుకి ఇద్దరెందుకమ్మా?" అన్నారు మోషే గారు.

"రెండు రెమ్మలు కావాలంకుల్."

ఎస్తేరు గారు నవ్వు దాచుకుంటూ ఆమె వెంట నడిచారు. తలుపు పడింది. మోషే గారు కప్పు ఊదుతూ అడిగారు, "హేమంత్ ఎలా ఉన్నాడోయ్?"

"రిజైన్ చేసి వెళ్ళిపోయాడంకుల్."

"అయ్యో. మంచోడు."

"మంచోడే. అతని సంగతి తర్వాత." రాబిన్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ముందు మీ సంగతి చెప్పండి. ఆ గూడ్సు బండి, ఆ స్టవ్వు, మొదటినుంచీ."

మోషే గారు కప్పు వంక చూశారు. గట్టిగా పొగలు వస్తున్నాయి. ఇప్పట్లో కదిలే దారి లేదని తేలాక, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.